ఆ రెండు వరసలు ఎటు పోయాయంటే

మన కస్టమర్లందరికీ నమస్కారం.

గత నెలలో మా డ్రాయింగ్ ఆఫీసులో జరిగిన తప్పు గురించి మీలో కొందరు ఇప్పటికే విని ఉంటారు. తిరుపతిలో స్టీలు పని చేసేవాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే, టీ కొట్టు దగ్గర ఏ మాటా దాగదు. అది నలుగురి నోళ్లలో నాని, "వాళ్ల డ్రాయింగులో సైజులు తప్పంట" అని చివరికి నా చెవికే వచ్చింది. సైజులు తప్పలేదు. తప్పిపోయింది పార్ట్స్ లిస్టులో, అంటే ఏ ముక్కలు ఎన్ని కావాలో డ్రాయింగులో రాసే పట్టికలో, చివరి రెండు వరసలు. అలా అన్నంత మాత్రాన మా తప్పు చిన్నదైపోదు, సరే. అసలేం జరిగిందో, ఇకమీదట మీకు వచ్చే డ్రాయింగుల్లో ఏం మారుతుందో చెబుతాను.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి షెడ్డు పెంచే పని. తోతాపురి కాయ దిగేలోపు షెడ్డు లేవాలి, అందరూ పరుగు మీద ఉన్నారు. షాప్ డ్రాయింగులు, అంటే స్టీలు ముక్కలు కట్ చేయడానికి షాపువాళ్లు చూసే డ్రాయింగులు, మావి. ఫ్యాబ్రికేషన్ రేణిగుంట వైపు షాపులో. ట్రస్సులు (పైకప్పును మోసే చట్రాలు) లారీ ఎక్కాయి, సైటులో క్రేన్ వచ్చింది. పొద్దున పదకొండుకి సైటు నుంచి ఒకాయన ఫోన్. "ఏం సామీ, బ్రేసింగ్ యాంగిల్ ఎత్తి పట్టుకోని ఉండాం. దీన్ని దేనికి బిగించమంటావు?"

ఆ యాంగిల్‌ను బిగించే గసెట్ ప్లేట్లు లేవు. పైకప్పు అడ్డ పట్టీలు వంగకుండా పట్టే సాగ్ రాడ్లూ లేవు. షాపువాళ్లు లిస్టు చూసి కట్ చేస్తారు, లిస్టులో లేనిది ఎందుకు చేస్తారు? నేను కంప్యూటర్‌లో డ్రాయింగ్ తెరిచి చూస్తే ఆ రెండూ నిక్షేపంలా ఉన్నాయి. "ఉన్నాయి కదా స్వామీ" అన్నాను కూడా. ఆయన వాళ్ల దగ్గరున్న కాగితాన్ని ఫోటో తీసి పంపారు. లిస్టు వాటికి ముందు వరసతోనే ఆగిపోయింది. ఏదో తెగిన ఆనవాలు కూడా లేదు, బోర్డర్ గీత దగ్గర శుభ్రంగా ముగిసింది.

కారణం దొరకడానికి మాకు సాయంత్రం దాకా పట్టింది. ఆ లిస్టు ఎక్సెల్ నుంచి కాపీ చేసి, మేము డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్ టేబుల్‌లో అతికించింది. ఎక్సెల్‌లో ఏరియల్ నారో అనే సన్న ఫాంటు వాడాం. ఆ ఫాంటు విండోస్‌తో రాదు, ఎంఎస్ ఆఫీసుతో వస్తుంది. డ్రాయింగ్ గీసిన కంప్యూటర్‌లో ఆఫీసు ఉంది. పీడీఎఫ్ తీసిన రెండో కంప్యూటర్‌లో లేదు. అక్కడ తెరవగానే సన్న అక్షరం స్థానంలో వెడల్పాటి అక్షరం వచ్చి కూర్చుంది. కాలమ్ వెడల్పు మారదు కాబట్టి ఒక లైనులో పట్టిన పేర్లు రెండు లైన్లయ్యాయి, దాంతో ఆ వరసల ఎత్తు పెరిగింది. ఆరు వరసలు ఒక్కోటి 4 మి.మీ. చొప్పున పెరిగితే 24 మి.మీ. టేబుల్‌కీ కింది బోర్డర్‌కీ మధ్య మేము వదిలింది 12. మిగతా 12 మి.మీ. బోర్డర్ దాటి కిందికి దిగింది. వరసకు 6 మి.మీ. పైచిలుకు, అంటే దాదాపు రెండు వరసలు. మేము ప్రింటు విండో, అంటే కాగితం మీదికి రావాల్సిన భాగం, బోర్డర్ మూలలకు పెట్టి తీస్తాం. దాని బయట ఏమున్నా కాగితం మీదికి రాదు.

నేను చెక్ చేసింది మొదటి కంప్యూటర్‌లో. పీడీఎఫ్ తెరిచి చూడకుండానే పంపమన్నాను. కాబట్టి ఇందులో మా కుర్రాడి తప్పు లేదు, సాఫ్ట్‌వేర్ తప్పూ లేదు. ప్లేట్లు, రాడ్ల కటింగ్ ఖర్చు, ఆటో బాడుగ, ఒకటిన్నర రోజు క్రేన్ అద్దె మేమే కట్టాం. ఆ ఫ్యాబ్రికేటర్ మళ్లీ పని ఇచ్చారు. ఫ్యాక్టరీ ఓనరు గారు మాత్రం ఇంకా ఫోన్ ఎత్తడం లేదు.

"టేబుల్ స్టైల్ పెట్టుకుంటే సరిపోయేది కదా" అని మీలో క్యాడ్ తెలిసినవాళ్లు అంటారు. పెట్టుకున్నాం. అసలు చిక్కు అక్కడే ఉంది. టేబుల్ స్టైల్‌లో టైటిల్‌కి, హెడ్డింగ్‌కి, డేటాకి విడివిడిగా ఫాంటు, ఎత్తు నిర్ణయించవచ్చు. కానీ ఒక్కో సెల్‌కి విడిగా చేసిన మార్పు దాని మీద ఎక్కి కూర్చుంటుంది. ఎక్సెల్ నుంచి ఫార్మాటింగ్‌తో సహా వచ్చిన ఫాంటయితే ఏకంగా అక్షరాలకే అంటుకుని రావచ్చు. గోడకి ఎన్నిసార్లు సున్నం కొట్టినా, మీద అతికించిన పోస్టర్ పోస్టర్‌గానే ఉంటుంది కదా, అలాగ. పోస్టర్ పీకాలి. సెల్స్ అన్నీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌లో ప్రాపర్టీ ఓవర్‌రైడ్స్ (ఆ విడి మార్పులు) అన్నీ తీసేయాలి, అక్షరాలకు అంటుకున్నది ఇంకా మిగిలితే ఎడిటర్‌లోకి వెళ్లి ఫార్మాటింగ్ తీసేయాలి. ఇకమీదట మేము ఆ తలనొప్పి దాకా వెళ్లం. మీరు ఎక్సెల్ పంపితే అందులోంచి ఉత్త అక్షరాలే తీసుకుంటాం, రంగులూ ఫాంట్లూ రానివ్వం. మీరు రంగులేసి ముద్దుగా పంపిన లిస్టు మా డ్రాయింగులో తెల్లగా కనబడితే ఏమనుకోకండి.

ఫాంటు ఒకటే: ఆటోక్యాడ్‌తో పాటే వచ్చే రోమన్స్. అందంగా ఉండదు, నాకూ తెలుసు. కానీ ఏ ఆటోక్యాడ్‌లో తెరిచినా ఒకే వెడల్పులో ఉంటుంది. దీనివల్ల మీకు ఒక ఇబ్బంది ఉంది, ముందే చెబుతున్నా. ఈ రకం ఫాంటు పీడీఎఫ్‌లోకి గీతలుగా వెళ్తుంది, అక్షరాలుగా కాదు. పార్టు నంబర్ కొట్టి వెతికితే దొరక్కపోవచ్చు. అందుకే ప్రతి పార్ట్స్ లిస్టుతో పాటు ఎక్సెల్ కూడా పంపుతాం. రెండింట్లో తేడా కనబడితే పీడీఎఫ్‌నే లెక్కలోకి తీసుకోండి, మాకు ఫోన్ చేయండి.

ఇల్లు కట్టుకునేవాళ్లు ప్లాను మీద పేరు తెలుగులో అడుగుతుంటారు. రోమన్స్‌లో తెలుగు అక్షరాలు లేవు, కొడితే ప్రశ్నార్థకాలు వస్తాయి. ఆ ఒక్క చోటికి నిర్మల ఫాంటుతో వేరే స్టైల్ పెట్టాం. అను ఫాంట్లలో టైపు చేసినవి దయచేసి పంపకండి, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో మీ నాన్నగారి పేరు ఏ భాషో తెలియకుండా పోతుంది.

ఇక అక్షరం ఎత్తు. పాలిటెక్నిక్‌లో మా సార్ స్టెన్సిల్ ముందు పెట్టి 2.5, 3.5, 5, 7 మి.మీ. అని బట్టీ పట్టించేవారు, ఎందుకో చెప్పలేదు. ఒక్కో ఎత్తు ముందుదానికి సుమారు 1.4 రెట్లు. ఏ3 కాగితాన్ని ఏ4కి తగ్గిస్తే అన్నీ తగ్గేది కూడా అంతే. 3.5 అక్షరం 2.5 అవుతుంది, 2.5 అక్షరం 1.8 అవుతుంది. ఇప్పటిదాకా మా టేబుల్స్‌లో డేటా 2.5 ఉండేది. మేము ఏ3 ఇస్తున్నాం, మీరు జిరాక్స్ షాపులో ఏ4 తీసుకుంటున్నారు. ఆ 1.8 అక్షరాన్ని గ్రైండర్ పక్కన నిలబడి చదవాలి. ఒక షాపులో 8 మి.మీ. ప్లేటుని 6 అని చదివారు, నేను కళ్లారా చూశాను. ఇకనుంచి షాప్ డ్రాయింగుల్లో డేటా 3.5, హెడ్డింగ్ 5.

దానికి కాగితం ఖర్చవుతుంది. 3.5 అక్షరానికి అంచులతో కలిపి వరసకు 8 మి.మీ. అనుకుంటే 40 వరసలకు 320. ఏ3 పొట్టి వైపు 297 మాత్రమే. అంటే పెద్ద లిస్టులు రెండో షీటుకి వెళ్తాయి. టేబుల్ ఒక్కటే ఉన్న షీటుకి మేము డబ్బు తీసుకోం. "షీట్లు పెంచి బిల్లు పెంచుతున్నారు" అనే మాట రాకముందే చెబుతున్నా.

డీడబ్ల్యూజీ ఫైల్, అంటే ఆటోక్యాడ్ అసలు ఫైల్, తీసుకుని సొంతంగా మార్చుకునేవాళ్లకు ఒక మాట. అక్షరాల ఫాంటును నిర్ణయించే మా టెక్స్ట్ స్టైల్‌కి ఇప్పుడు మా సొంత పేరుంది. ఇంతకుముందు "స్టాండర్డ్" అనే ఉండేది. ఆ పేరుతో స్టైల్ ప్రతి ఫైల్‌లోనూ ఉంటుంది. ఒకే పేరుతో రెండు ఫైళ్లలో రెండు ఫాంట్లుంటే, మా డ్రాయింగ్ ముక్క మీ ఫైల్‌లోకి వెళ్లగానే మీ ఫైల్‌లోని ఫాంటే దానికి వస్తుంది. చెప్పాపెట్టకుండా. అలాగే ఆ స్టైల్‌లో ఎత్తు సున్నా అని ఉంటుంది, అది పొరపాటు కాదు, మార్చకండి. అక్కడ ఏదైనా అంకె పెడితే టేబుల్ స్టైల్‌లో ఎత్తు మార్చుకునే వీలు పోతుంది.

పాత డ్రాయింగుల సంగతి అడుగుతున్నారు. గత ఏడాది ఇచ్చిన షాప్ డ్రాయింగులన్నీ తిరిగి తెరిచి, పంపిన పీడీఎఫ్ పక్కన పెట్టి వరస వరస చూస్తున్నాం. ఇంకా సగం కూడా కాలేదు. ఆటోక్యాడ్‌లో డ్రాయింగ్ మన నియమాల ప్రకారం ఉందో లేదో చూసే స్టాండర్డ్స్ చెక్ అని ఒకటుంది, అది లేయర్లు, లైన్‌టైపులు, డైమెన్షన్ స్టైల్స్, టెక్స్ట్ స్టైల్స్ చూస్తుంది గానీ టేబుల్ స్టైల్ జోలికి పోదు. కాబట్టి కంటితోనే చూడాలి. మీ దగ్గర ఇంకా మొదలుపెట్టని పని ఉంటే ఫోన్ చేయండి, దాన్ని ముందుకు జరుపుతాం.

రేటు పెంచడం లేదు. ఒక రోజు ఆలస్యం మాత్రం అవుతుంది. గీసిన మనిషి కాకుండా ఇంకొకరు, వేరే కంప్యూటర్‌లో పీడీఎఫ్ తెరిచి, ప్రింటు తీసి, వరసలు లెక్కపెట్టాకే మీకు వస్తుంది. సాయంత్రం ఐదుకి ఫోన్ చేసి రాత్రికి కావాలంటే ఇవ్వలేం. అలా ఇచ్చిందే ఆ మామిడి ఫ్యాక్టరీ డ్రాయింగ్.

ఇంకొకటి. ఇకనుంచి ప్రతి లిస్టు చివర ఒక అదనపు వరస ఉంటుంది: "లిస్టు సమాప్తం, మొత్తం ఇన్ని ఐటమ్‌లు" అని. మీ చేతిలో ఉన్న కాగితంలో అది కనబడకపోతే ప్లేటు మీద గీత కూడా పెట్టకండి. ముందు మాకు ఫోన్ కొట్టండి.