పదహారో కిలోమీటరు దగ్గర నిలబడరా

నెల్లూరు,
డిసెంబరు 14, ఆదివారం

ఒరేయ్ రమణా,

ఎట్లున్నావురా? ఫోన్ చేస్తే అయిపోయేదానికి ఈ ఉత్తరమేంది అంటావు, తెలుసు. ఫోన్లో నన్ను మాట్లాడనిస్తే కదా నువ్వు. నేను పరుగు అనగానే నువ్వు మోకాళ్ళు జాగ్రత్త అంటావు. అక్కణ్ణుంచి మీ ఆఫీసు, మీ అపార్టుమెంటు, మీ నీళ్ళ ట్యాంకరు. ఈసారి ఒక పని అప్పజెప్పాలి నీకు. అది అర్థం కావాలంటే ముందు కాస్త సోది వినాలి. అందుకే కాయితం.

ఇక్కడ వారం రోజులు ఒకటే ముసురు. షాపు మెట్ల దాకా నీళ్ళొచ్చాయి. చెమ్మకి కాయితాలు అతుక్కుపోయి జిరాక్స్ మిషన్ పదిసార్లు ఆగింది. ఇవాళే కాస్త ఎండ మొహం చూశాం. మీ చెల్లెలు కులాసా. చిన్నది ఏడో తరగతికొచ్చి నాకు కోచ్ అయిపోయింది, ఆ సంగతి తర్వాత చెప్తా.

ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. నిరుడు మీ చెన్నైలో హాఫ్ మారథాన్, అంటే 21.1 కిలోమీటర్లు, పరిగెత్తి మీ ఇంటికొచ్చినప్పుడు, పిక్క పట్టేసింది, లేకపోతే ఇంకా ముందే వచ్చేవాణ్ణి అని చెప్పానా? అబద్ధంరా. పిక్క కొంచెం లాగిన మాట నిజమే. ఆగిపోవాల్సినంత లాగలేదు. పదహారో కిలోమీటరు బోర్డు దాటానో లేదో, ఇంకా అయిదు ఉందా అనిపించింది. అంతే. డివైడర్ మీద కూలబడ్డా. కుడికాలి లేసు చక్కగానే ఉంది, దాన్ని విప్పి మళ్ళీ కట్టుకున్నా. ఎవరైనా చూస్తే లేసు కోసం ఆగాడనుకోవాలని! నేను రెండో ముడి వేస్తుంటే అరవై దాటిన ఒకావిడ, నెరిసిన జడ ఊపుకుంటూ, నా పక్కనుంచి టకటకా వెళ్ళిపోయింది. ఆవిడ వీపు మీద నంబరు కూడా గుర్తుంది నాకు. మిగతా దూరం సగం నడక, సగం ఈడ్పు. 2 గంటల 31 నిమిషాలు.

ఇంటికొచ్చాక చాలా రోజులు ఆలోచించా. ప్రాక్టీసు తక్కువేం చెయ్యలేదు. మైపాడు రోడ్డులో రొయ్యల గుంటల పక్కన, కుక్కల్ని తప్పించుకుంటూ ప్రతి ఆదివారం పరిగెత్తినవాణ్ణే. మరి తేడా ఎక్కడొచ్చింది? మూడు నెలలు రోజూ రాత్రి పడుకోబోయే ముందు విజువలైజేషన్ చేసేవాణ్ణి. ఫోన్లో ఎవరో చెప్పారు, గెలుపుని కళ్ళ ముందు చూడు, అదే నడుచుకుంటూ వస్తుందని. సరే అని కళ్ళు మూసుకుంటే ఏం కనపడేదనుకున్నావ్? చివరి గీత, మెళ్ళో మెడల్, ఫోటో. స్టేటస్‌లో ఏం రాయాలో కూడా అనుకున్నానురా, సిగ్గులేకుండా. ఆ సినిమాలో పదహారో కిలోమీటరే లేదు. అది నిజంగా ఎదురొచ్చేసరికి ముక్కూ మొహం తెలియనివాడు ఇంట్లోకొచ్చినట్టు బిత్తరపోయా.

తర్వాత చదివితే తెలిసింది, ఇది నా ఒక్కడి జబ్బు కాదట. గాబ్రియేలె ఓటింగెన్ అని ఒక జర్మన్ ఆవిడ, మనస్తత్వ శాస్త్రవేత్త, బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన ఆడవాళ్ళని గమనించి 1991లో రాసింది. తగ్గగలం అని నమ్మకం ఉన్నవాళ్ళు బాగానే తగ్గారు. సన్నబడ్డాక ఎంత బాగుంటామో అని తియ్యతియ్యగా ఊహించుకున్నవాళ్ళు మాత్రం తక్కువ తగ్గారు. ఊహలోనే సగం తిని కడుపు నిండినట్టు, ఇక ఒళ్ళు వంగదన్నమాట. నాకు చెంప మీద కొట్టినట్టయింది. కోరిక అనుకున్నాక, దానికి అడ్డం వచ్చేదేదో కూడా అప్పుడే అనుకోమంటుంది ఆవిడ.

ఇదంతా మన ఊరి రొట్టెల పండగలో ఎప్పట్నుంచో ఉందేమో అనిపిస్తుంది నాకు. చిన్నప్పుడు మనం బారాషహీద్ దర్గాకి పోయి స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డాం, గుర్తుందా? నువ్వు చదువు రొట్టె అడిగితే ఎవరో పెళ్ళి రొట్టె చేతిలో పెట్టారు, ఏడ్చావు కూడా. ఈ ఏడు మీ చెల్లెలు నా కోసం ఆరోగ్య రొట్టె పట్టింది. పరుగు రొట్టె దొరకలేదంట. ఆ నీళ్ళలో నిలబడే నాకు తోచింది. వట్టినే దణ్ణం పెట్టుకుని ఇంటికొచ్చేస్తే సరిపోదు కదా అక్కడ. ఫలానా రొట్టె కావాలని పదిమందిలో నోరు తెరిచి అడగాలి. తీరితే మళ్ళీ ఏడాది అదే రొట్టె చేసుకొచ్చి ఇంకొకడి చేతిలో పెట్టాలి. అంటే కోరికకి ఒక పేరుంది, ఒక గడువుంది, పక్కన సాక్షి కూడా ఉన్నాడు. నేను నిరుడు అనుకున్న "బాగా పరిగెత్తాలి"కి ఈ మూడిట్లో ఒక్కటీ లేదు.

అందుకని ఈసారి అదే రేసుకి పాత బిల్లుబుక్కు అట్ట వెనకాల లెక్కేసి రాసుకున్నా. అన్నీ కలిసొస్తే 2 గంటల 15 నిమిషాలు. దానికి కిలోమీటరుకి 6 నిమిషాల 24 సెకన్లు పడాలి. ఉక్కపోసి ఇబ్బందైతే 2 గంటల 20. ఏదీ కుదరకపోతే, నీళ్ళ టేబుళ్ళ దగ్గర తప్ప ఎక్కడా నడవకుండా, ముఖ్యంగా లేసు ముట్టుకోకుండా, పూర్తి చెయ్యడం. ఇలా మూడు మెట్లు పెట్టుకున్నాక గుండెల్లో టెన్షన్ సగం దిగింది. పైమెట్టు జారితే కింద ఇంకో మెట్టుంది కదా.

అయితే ఈ టైములు నా చేతిలో ఉన్నవి కావు. ఎండ, గాలి, ముందురోజు నిద్ర, అన్నీ కలవాలి. నా చేతిలో ఉన్నది వేరే రాసుకున్నా. మొదటి మూడు కిలోమీటర్లు 6:40 కంటే వేగంగా పోకూడదు. నిరుడు జనం హుషారు చూసి మొదటి అయిదూ 5:45 చొప్పున ఉరికా, గుర్రమెక్కిన పెళ్ళికొడుకులాగా! ఆ బాకీనే పదహారు దగ్గర వడ్డీతో కట్టింది. 6:40తో మొదలుపెడితే మూడు కిలోమీటర్లకి 20 నిమిషాలు, మిగతా 18.1కి 115 నిమిషాలు. అంటే ఆపైన ఆ 6:24 కంటే కిలోమీటరుకి మూడు సెకన్లు తగ్గిస్తే చాలు. షాపులో కూర్చుని ఈ లెక్క వేసినరోజు బో సంతోషమేసింది. ఒక కస్టమర్ ఆధార్ జిరాక్స్ అడుగుతూ నా మొహం వంక అదోలా చూశాడు.

ఇక నీకు నవ్వొచ్చే సంగతి. ముసురు పట్టిన వారం బయట కాలు పెట్టే వీల్లేదు. కరెంటు లేదు. నేను బూట్లు తొడుక్కుని, రేసు రోజు వేసుకునే నిక్కరూ బనీనూ వేసుకుని, హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నా. చిన్నది చేతిలో స్టాప్‌వాచ్. మీ చెల్లెలు వంటింట్లోంచి కొవ్వొత్తి పట్టుకొచ్చి, "ఏందయ్యా, బూట్లేసుకుని జపమా?" అంది. జపం కాదు, 2001లో హోమ్స్, కాలిన్స్ అని ఇద్దరు చెప్పిన పద్ధతి. మనసులో సాధన చేసేటప్పుడు నిజానికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిదంటారు వాళ్ళు. అవే బట్టలు, అదే చోటు, అదే టెన్షన్, అంతే టైము. పక్కింటాయన టీవీలో చూస్తున్నట్టు కాకుండా, మన కళ్ళలోంచి చూస్తున్నట్టు ఉండాలి. కిలోమీటరుకి ఆరున్నర నిమిషాలు పడుతుందంటే కుర్చీలో కూడా ఆరున్నర నిమిషాలే పట్టాలి.

మొదటిరోజు పదహారో కిలోమీటరు మొదలుపెట్టి, అయిపోయింది అని కళ్ళు తెరిస్తే చిన్నది వాచ్ చూపించింది. నిమిషం నలభై సెకన్లు! "నాన్నా, నువ్వు ఒలింపిక్స్‌కి పో" అంది. నొప్పి ఉన్నచోటల్లా మనసు దూకేస్తుందిరా, పుస్తకంలో విసుగు పేజీ తిప్పేసినట్టు. మళ్ళీ మొదలుపెట్టా. మెడ వెనక చెమట. నాలుక మీద ఉప్పు. ఎడమ పిక్కలో తాడు మెలిపెట్టినట్టు లాగుడు. ఆ డివైడర్, నలుపూ పసుపూ రంగు. నేను కూర్చున్నచోట రంగు ఊడి సిమెంటు కనపడేది. దాని పక్కనుంచి కూర్చోకుండా వెళ్ళాలి. అయిదో రోజుకి 6 నిమిషాల 10 సెకన్లు పట్టింది. నమ్ముతావో లేదో, కుర్చీలోంచి లేచేసరికి చేతులు చెమర్చి ఉన్నాయి.

అట్లాగని కుర్చీలో కూర్చుంటే ఊపిరితిత్తులు పెరుగుతాయా? పెరగవు. ఇవాళ పొద్దున చెరువు గట్టు మీద ఎనిమిది పరిగెత్తేసరికి ఆయాసం వచ్చింది, వారం తిని కూర్చున్న ఫలం. కాళ్ళ పని కాళ్ళే చెయ్యాలి.

ఒక మైలు నాలుగు నిమిషాల లోపు పరిగెత్తిన రోజర్ బానిస్టర్ కథ నీకు కూడా వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. మనిషి వల్ల కాదన్నారు, ఆయన మనసులో అనుకున్నాడు, అయిపోయింది అని చెప్తారు. నాకు ఆ చెప్పే పద్ధతి మీదే కోపం. ఆయన నాలుగు నిమిషాల్ని నాలుగు ముక్కలు చేశాడురా. పావు మైలు 60 సెకన్లు. అలాంటి పావు మైళ్ళు పదేసి పరిగెత్తేవాడు స్నేహితులతో కలిసి. 61 సెకన్ల దగ్గర బండి ఆగిపోయింది, ఎంతకీ దిగలేదు. విసుగొచ్చి స్కాట్లండ్ కొండలెక్కడానికి పోయారు. పరుగు మానేసి తిరిగొచ్చి చూస్తే 59! 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో 3 నిమిషాల 59.4 సెకన్లు. ఆరోజు కూడా బ్రాషర్, చాటవే అని ఇద్దరు స్నేహితులు ముందుండి వేగం పట్టి లాగారు. ముసురులో వారం పోయిందని ఏడుస్తుంటే నాకు ధైర్యమిచ్చింది ఆ స్కాట్లండ్ ముక్కే. స్నేహితుల ముక్క ఎందుకు చెప్పానో ఇంకాస్త ఆగితే తెలుస్తుంది.

ఇంకొకటి. 2008 బీజింగ్‌లో మైకేల్ ఫెల్ప్స్ 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈదుతుంటే కళ్ళద్దాల్లోకి నీళ్ళొచ్చి గోడ కనపడలేదు. బారలు లెక్కపెట్టుకుంటూ పోయి గోడ ముట్టాడు. ప్రపంచ రికార్డు, 1:52.03. చెడిపోతే ఏం చెయ్యాలో ముందే మనసులో ఈది పెట్టుకునే అలవాటు ఉందాయనకి. మనకి కళ్ళద్దాలు లేవు, వాచ్ ఉంది. అది ఆగిపోతే? పోయిన నెల ఒక ఆదివారం వాచ్ ఇంట్లో పెట్టి ఇందుకూరుపేట వైపు పోయా. నాలుగడుగులకి ఊపిరి పీల్చి నాలుగడుగులకి వదిలితే నా 6:40 అని తెలిసింది. మూడుకి మూడు వచ్చిందంటే ఎక్కువ ఉరుకుతున్నట్టు. వాచ్ ఆగితే ఆ లెక్క. కడుపులో తిప్పితే నీళ్ళు తాగను, పుక్కిలించి ఉమ్ముతా. ఇట్లా ప్రతిదానికీ ఇదైతే అది అని ఒకటి రాసి పెట్టుకున్నా. పదహారు దగ్గర కూర్చోవాలనిపిస్తే ఏం చెయ్యాలన్నదే చాలా రోజులు ఖాళీగా ఉండింది.

అక్కడికే నువ్వు వస్తున్నావు.

కావలిలో మన బడి గ్రౌండు మలుపులో కొబ్బరిచెట్టు ఉండేది కదా. 1500 మీటర్ల పరుగులో నేను ప్రతిసారీ మూడో చుట్టులో ఆగిపోబోతుంటే నువ్వు వెనక్కి తిరిగి, "కొబ్బరిచెట్టు దాకారా!" అని అరిచేవాడివి. చెట్టు దాటాక మళ్ళీ, "ఇంకోసారి కొబ్బరిచెట్టు దాకారా!" అని. రౌండు మొత్తం నేనెప్పుడూ పరిగెత్తలేదు. కొబ్బరిచెట్టు దాకా పరిగెత్తానంతే. ఆ ఖాళీలో అదే రాశా. కూర్చోవాలనిపిస్తే ఎదురుగా ఒక కరెంటు స్తంభాన్ని పట్టుకుని, కొబ్బరిచెట్టు దాకారా అనుకోవాలి. కుర్చీలో అనుకుంటే ఆ మాట నా గొంతుతో రావడం లేదు, నీ గొంతుతోనే వస్తోంది, అదీ పదమూడేళ్ళప్పటి నీ కీచుగొంతుతో.

కాబట్టి పని ఇది. జనవరిలో, సంక్రాంతి ముందు ఆదివారం, పదహారో కిలోమీటరు బోర్డు దాటగానే ఎడమవైపు నిలబడాలి. పొద్దున ఆరూ నలభైకల్లా వచ్చేయ్, నేను ఏడుకి కాస్త అటూ ఇటూగా వస్తా. ముదురు నీలం బనీను. నువ్వు తెల్లచొక్కా వద్దు, నీళ్ళిచ్చేవాళ్ళంతా తెల్లవే వేసుకుంటారు, కనపడవు. ఆ పాత నారింజ రంగుది ఉందా ఇంకా? అది వేసుకో. రోజూ రాత్రి కుర్చీలో నిన్ను ఆ చొక్కాతోనే నిలబెడుతున్నా. "ఇంకొంచెమే" అని మాత్రం అనొద్దు. నిరుడు పన్నెండో కిలోమీటరు నుంచి దారి పొడుగునా అదే అన్నారు, ఒళ్ళు మండిపోయింది. "మోకాళ్ళు జాగ్రత్త" అసలే అనొద్దు. కొబ్బరిచెట్టు మాట ఒక్కటే, గట్టిగా.

శనివారం పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి వస్తున్నా. మీ చెల్లెలు చేపల పులుసు కట్టిస్తానంటోంది, రేసు అయ్యేదాకా నాకు పెట్టొద్దు, వాసన కూడా చూపించొద్దు. నువ్వు తిను. అంత పొద్దున లేవగలవో లేదో, ఆ చొక్కా పడుతుందో లేదో వేసుకుని చూసి, వెంటనే రాయి.

నీ
సుబ్బు