పార్కుకు ఎస్టిమేటు వేసేముందు కర్ణం కొలవండి

సంపాదకుడికి,

లేఔట్లలో ప్రజల కోసం వదిలిన ఖాళీ స్థలాన్ని పార్కు చేయమని గుంటూరు కాలనీల వాళ్లు అడుగుతూనే ఉన్నారు. అడగాల్సిందే. అయితే నిధులు మంజూరయ్యాక, పని మొదలుకాక ముందే, స్కేలు ప్రకారం గీసిన ప్లాను కాగితం కాలనీ వాళ్ల చేతికి రావాలి. అది లేని చోటే ఉయ్యాల ఊగి గోడకు తగులుతుంది, చెట్టు కరెంటు తీగల్లోకి పోతుంది, వానొస్తే మట్టంతా నడక దారి మీదికి వస్తుంది.

తప్పు కొలత దగ్గరే మొదలవుతుంది. మన ఖాళీ స్థలాలు నలుచదరంగా ఉండడం అరుదు. రోడ్డు వంపు వల్లో, పక్కన కాలవ వల్లో ఒక మూల సన్నబడి ఉంటుంది. అలాంటి చోట ఎదురెదురు భుజాలను కూడి సగం చేసి, ఆ రెండు సగటులనూ గుణించే అలవాటు ఇంకా పోలేదు. వరుసగా 30, 16, 20, 18 మీటర్ల భుజాలున్న స్థలాన్ని తీసుకోండి. సగటు పద్ధతిలో 25ను 17తో గుణిస్తే 425 చదరపు మీటర్లు వస్తుంది. ఇప్పుడు 30, 16 మీటర్ల భుజాలను ఒక త్రిభుజంగా వేరుచేసే కర్ణానికి, అంటే ఒక మూల నుంచి దాని ఎదుటి మూలకు, టేపు పట్టండి. అది 34 మీటర్లు ఉంటే, స్థలం రెండు త్రిభుజాలైనట్టు: ఒకటి 30, 16, 34, రెండోది 20, 18, 34. మూడు భుజాల కొలతలతోనే త్రిభుజ వైశాల్యం కట్టే, హైస్కూల్లో చెప్పే హెరాన్ సూత్రంతో మొదటిది 240, రెండోది 144, మొత్తం 384 చదరపు మీటర్లు. తేడా 41 చదరపు మీటర్లు, అంటే ఒక సెంటు పైచిలుకు. నేల మీద లేని ఆ సెంటుకు టైల్సు, మట్టి, పచ్చిక అన్నీ ఎస్టిమేటులో చేరిపోతాయి. దీర్ఘచతురస్రం కాని ఏ స్థలానికైనా సగటు పద్ధతి ఎక్కువే చూపిస్తుంది, తక్కువ ఎన్నడూ చూపించదు. అసలు నాలుగు భుజాలు చెప్పినంత మాత్రాన ఆకారం తేలదు. మూలల్లో మేకులు కొట్టిన నాలుగు కర్రల చట్రం అటూ ఇటూ వాలినట్టే స్థలమూ కాగితం మీద వాలుతుంది. అందుకే ప్లాను మీద ఒక కర్ణమైనా రాసి ఉండాలి. రెండోది కూడా కొలిస్తే సరిచూసుకోవచ్చు: పై స్థలంలో అది 24.95 మీటర్లు రావాలి. రాలేదంటే టేపు ఎక్కడో జారింది, మళ్లీ కొలవాల్సిందే.

ఇక స్కేలు. 1:100లో కాగితం మీది సెంటీమీటరు నేల మీద మీటరు. 30 మీటర్ల భుజానికి 30 సెంటీమీటర్లు కావాలి, ఏ4 కాగితం పొడవేమో 29.7. ఏ3 కాగితమైనా తీసుకోవాలి, లేదా 1:200కు దిగాలి. ఈ 1:200 దగ్గరే చాలామంది పొరబడతారు. పొడవులో సెంటీమీటరుకు 2 మీటర్లు, వైశాల్యంలో చదరపు సెంటీమీటరుకు 4 చదరపు మీటర్లు. గ్రాఫ్ కాగితం మీద మన స్థలం 96 గళ్లు వస్తుంది. 4కు బదులు 2తో గుణిస్తే సగం స్థలం లెక్కలోంచి ఎగిరిపోతుంది. ఇంకో చిక్కుంది. ఏ3 ప్లానును వాట్సాప్‌లో పంపితే ఎవరో ఏ4 మీద ప్రింటు తీస్తారు. గీతలు 71 శాతానికి, వైశాల్యం సగానికి తగ్గుతాయి, పైన 1:100 అన్న అంకె మాత్రం అలాగే ఉంటుంది. ప్లాను మూలలో 10 మీటర్లకు సమానమైన గీత ఒకటి గీయిస్తే కాగితంతో పాటు ఆ గీతా తగ్గుతుంది కాబట్టి కొలత చెడదు.

కేంద్రం 2014లో ఇచ్చిన పట్టణ ప్రణాళిక మార్గదర్శకాలు తలకు 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలంటాయి. ఆ లెక్కన 384 చదరపు మీటర్లు 38 మందికి మించి చాలవు. అందుకే ప్రతి అడుగూ ఆలోచించి వాడాలి. గోడ వెంబడి చుట్టూ 1.5 మీటర్ల వెడల్పున నడక దారి వేస్తే సుమారు 116 చదరపు మీటర్లు పోతుంది. ఇద్దరు పక్కపక్కన నడవడానికి అది చాలు. 2 మీటర్లు చేస్తే 150 అవుతుంది, స్థలంలో దాదాపు 40 శాతం దారికే సరి! 2.4 మీటర్ల ఎత్తు ఉయ్యాలకు ముందూ వెనకా ఎత్తుకు రెండింతల చొప్పున, అంటే మొత్తం 9.6 మీటర్లు ఖాళీ వదలాలి. మూడు మీటర్ల చట్రానికి పక్కల 1.8 చొప్పున కలిపితే 63 చదరపు మీటర్లు ఒక్క ఉయ్యాలకే. ఇక మిగిలేది 205. రెండు ఉయ్యాలలు, ఓపెన్ జిమ్, ఫౌంటెన్ అన్నీ ఇందులో పడతాయని ఎవరైనా అంటే ఆ ప్లాను స్కేలుకు గీసింది కాదన్నమాటే. గేటు దగ్గర గడప 15 సెంటీమీటర్లుంటే చక్రాల కుర్చీకి 1.8 మీటర్ల ర్యాంపు కావాలి, అదీ గీయాలి.

చెట్లను మొక్క సైజులో గీస్తారు. పెరిగాక ఎంత గుబురు ఉంటుందో అంత వృత్తం గీయాలి. పది రూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు. 1:200లో అది 5.4 మీటర్ల గుబురు, దేవగన్నేరు లాంటి చిన్న చెట్టుకు సరిపోతుంది. 8 మీటర్ల గుబురు వచ్చే కానుగకు 4 సెంటీమీటర్ల వృత్తం కావాలి. తీగల కింద ఆ వృత్తం పడకూడదు.

గుంటూరు చుట్టూ ఎక్కువగా రేగడి నేల. ఎండకు బీటలిచ్చి, వానకు ఉబ్బే ఈ నేల మీద నేరుగా టైల్సు పరిస్తే రెండు కాలాలు గడిచేసరికి కుంగిపోతాయి. దారి కింద 30 సెంటీమీటర్ల మట్టి తీసేసి గ్రావెల్ నింపి దిమ్మిస చేయాలి. 116 చదరపు మీటర్లకు అది 35 ఘనపు మీటర్లు, వంద ఘనపుటడుగుల యూనిట్లలో 12కు పైనే. ఎస్టిమేటులో ఈ పద్దు ఉందో లేదో ముందు చూడండి. రేగడిలో ఇంకుడు గుంత నీటిని నిదానంగా పీలుస్తుంది, దానొక్కదాన్నే నమ్ముకోకూడదు. ఒక్కరోజే 100 మిల్లీమీటర్ల వాన పడితే ఈ స్థలం మీద 38,400 లీటర్లు పడినట్టు. పచ్చికను దారి కంటే 10 సెంటీమీటర్లు పల్లంగా ఉంచితే 205 చదరపు మీటర్లలో 20,500 లీటర్లు నిలిచి మెల్లగా ఇంకుతాయి. ఇప్పుడు జరిగేదేమో తారుమారు: ఎర్రమట్టి తెచ్చి దారి కంటే ఎత్తుగా పోస్తారు, తొలి వానకే అది టైల్సు మీద పేరుకుంటుంది. ఆ 205 చదరపు మీటర్లలోనూ గడ్డే వేస్తే వేసవిలో చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్లనుకున్నా వెయ్యి లీటర్లకు పైగా పోయాలి. ట్యాంకర్ల కాలంలో అన్ని నీళ్లు ఎక్కడివి? సగం చోట నీడనిచ్చే చెట్లు, కింద ఎండుటాకులు చాలు.

కార్పొరేషన్‌కు మా విన్నపం ఇది. వార్డు పార్కు ఎస్టిమేటు ఆమోదించే ముందు, కర్ణాలు, 10 మీటర్ల గీత, ఏ పనికెన్ని చదరపు మీటర్లో చూపే పట్టిక ఉన్న ప్లానును వార్డు సచివాలయంలోనూ స్థలం గేటుకూ రెండు వారాలు అంటించాలి. తవ్వకానికి ముందు ఆ ప్లాను ప్రకారం నేల మీద సున్నంతో ముగ్గు పోసి, కాలనీ వాళ్లను పిలిచి టేపుతో సరిచూపించాలి. అప్పుడు గీత చెరిపి మళ్లీ వేయడానికి అయ్యే ఖర్చు ఒక సున్నం బస్తా.

— కొందరు లెక్కల మాస్టార్లు, సర్వేయర్లు
కొరిటెపాడు, గుంటూరు