కూల్చే వరస కూడా అనుమతి కాగితంలో ఉండాలి: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నెల్లూరు పెద్దబజారు, చిన్నబజారు, ట్రంకురోడ్డు, స్టోన్‌హౌస్‌పేట వైపు పాత మిద్దెలు ఒక్కొక్కటే దిగిపోతున్నాయి. ఆ జాగాల్లో సెల్లారుతో కాంప్లెక్సులు లేస్తున్నాయి. మేం తాపీమేస్త్రీలం, సివిల్ ఇంజనీర్లం. పాతది విప్పడం, కొత్తది లేపడం రెండూ మా చేతుల మీదుగా జరిగే పనులే. ఏ మిద్దె ఉండాలి, ఏది పోవాలి అనే తగువులోకి ఈ లేఖలో మేం పోవడం లేదు. పోక తప్పని మిద్దె ఏ వరసలో దిగాలో ఇవాళ ఇంజనీరు చెప్పడం లేదు, పాతసామాను ధర చెబుతోంది. అది మారాలనే మీకు రాస్తున్నాం.

ఊళ్లో కూల్చివేత బేరం చాలాసార్లు ఎదురు డబ్బు మీద కుదురుతుంది. యజమాని కూలి ఇవ్వడు, పాతసామాను కొనేవారే ఆయనకి ఇంత అని ఇచ్చి మిద్దె విప్పుకుపోతారు. టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా వేసే దంతెలు, ద్వారబంధాలు, కిటికీలు, ఇనప గడ్డర్లు, కడప బండలు, లాభమంతా వీటిలోనే. ఇటుక ముక్కలు, సున్నపు పెళ్లలు వాళ్లకి ఖర్చు. అందుకని మొదటిరోజే తలుపులతో పాటు ద్వారబంధాలు కూడా ఊడిపోతాయి. పాత మిద్దెల్లో చాలాచోట్ల గుమ్మం పైన గోడని మోసే అడ్డదూలం, అంటే లింటల్, వేరే ఉండదు. ద్వారబంధం పైపట్టె, దాని వెనక పరిచిన మందపాటి చెక్కలే పై గోడని మోస్తుంటాయి. వాటిని లాగేసినా గోడ అప్పటికప్పుడు పడదు. పై ఇటుకలు ఒకదాన్నొకటి తన్నిపట్టి కమానులా నిలబడతాయి. ఆ తర్వాత పైకప్పు మీద సమ్మెట దెబ్బ పడుతుంది, అదిరిన గోడ కింద ఉన్నవాళ్ల మీదికి వస్తుంది. ధర పలికే సామానే బరువు మోసే సామాను కూడా కావడంలో ఉంది చిక్కంతా.

ఆ బరువు ఎంతో లెక్క చెబుతాం. మన బజారు మిద్దెల్లో ఎక్కువ మద్రాసు టెర్రస్‌లే. దూలాల మీద అడుగున్నర ఎడంగా టేకు దంతెలు, వాటి మీద పలచటి ఇటుక నిలువుగా, మూలవాటంగా పేర్చి, పైన మూడు నాలుగు అంగుళాల ఇటుకజల్లి గానుగ సున్నంతో కలిపి కొట్టి, ఆ పైన పలక పెంకులు పరుస్తారు. అంతా కలిపి ఎనిమిది అంగుళాల మందం అనుకుంటే చదరపు అడుక్కి సుమారు 35 కిలోలు. 40 అడుగులకి 60 అడుగుల మిద్దె ఒక్క కప్పే 84 టన్నులు. పద్దెనిమిది అంగుళాల గోడ, పన్నెండడుగుల ఎత్తు అయితే ఒక్క అడుగు పొడవు దాదాపు తొమ్మిది క్వింటాళ్లు తూగుతుంది. రెండంతస్తుల మిద్దె మొత్తం, పునాది వదిలేసినా, ఏడెనిమిది వందల టన్నులు. పది టన్నులు మోసే టిప్పర్లకి డెబ్బై ఎనభై ట్రిప్పులు. ఇంత బరువు దించే పనికి మేం చూసిన ఫైళ్లలో చాలావాటిలో ఉన్నది ఒకే ఒక్క ముక్క, "పాత కట్టడాన్ని తొలగించి" అని.

విప్పడం అంటే కట్టిన వరసకి తిరగవరస. ముందు పిట్టగోడ, అదీ వీధిలోకి తొయ్యకుండా లోపలికి ఒక్కో వరస చొప్పున. తర్వాత పెంకులు, ఆ తర్వాత జల్లి. జల్లిని గడ్డపారతో పెళ్లలుగా లేపి వెంటనే కిందికి దించెయ్యాలి. చాలా ప్రమాదాలు ఇక్కడే పుడతాయి. పనివాళ్లు తట్టలు మొయ్యలేక పెళ్లల్ని కింది అంతస్తు మీదికే తోస్తారు. శిథిలం అడుగు మందం పేరుకుంటే ఆ కప్పు మీద మరో కప్పు వేసినంత బరువు పడినట్టు. దంతెల కొనలు చెద తినివుంటే అది ఆగదు, మొత్తం రెండంతస్తులూ కిందికి దిగుతుంది. కింది అంతస్తు మీద జానెడు మించి శిథిలం నిలవకూడదని, దించడానికి రేకు గొట్టాలు కట్టాలని కాగితం మీద రాయండి. దుమ్ము అణగడానికి నీళ్లు చల్లమంటారు, చల్లాలి కూడా. పైపు పెట్టి తడపకూడదు. సున్నపు జల్లి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, మట్టి అడుసుతో కట్టిన గోడ మెత్తబడుతుంది.

నిలువు ఇటుక విప్పేటప్పుడు ఒక చివర నుంచి మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ రావాలి. మధ్యలో కన్నం పెడితే చుట్టూ ఇటుకకి పట్టు పోతుంది. మనిషి నిలబడే పలక కనీసం మూడు దంతెల మీద ఆనాలి. గడ్డర్ల మధ్య కమాను కప్పు ఉంటే మరీ జాగ్రత్త. ఒక కమాను పక్క కమానుని తన్నిపట్టి ఉంటుంది కాబట్టి ఒకటి తీసేస్తే పక్కది గడ్డరుని నెట్టేస్తుంది. అన్ని అరల కిందా సరుగుడు కర్రలతో సెంట్రింగ్ పెట్టాకే మొదటి ఇటుక కదలాలి.

మామూలు జేసీబీ చెయ్యి రెండంతస్తుల మిద్దె పిట్టగోడకి అందదు. అందనప్పుడు ఆపరేటరు చేసేదేమిటంటే, కింది గోడ తవ్వి పైది దానంతటదే పడేట్టు చూడడం. విశాలమైన స్థలంలో నడుస్తుందేమో గానీ, రెండు వైపులా దుకాణాలున్న బజారు సందులో పై గోడ ఎటు వాలుతుందో నడిపేవాడికీ తెలియదు. పై అంతస్తు మనుషులు చేత్తో దించాలి, మిషను కింది అంతస్తుకి, పునాదికి. ఈ ఒక్క నియమం కచ్చితంగా పాటించినా చాలా ప్రాణాలు నిలుస్తాయి.

అన్నిటికన్నా పెద్ద సంగతి ఉమ్మడి గోడ. మన బజార్లలో ఇళ్లు వరసగా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. ఈ ఇంటి దంతెలు ఇటునుంచి, ఆ ఇంటి దంతెలు అటునుంచి అదే గోడలో కూర్చుంటాయి. పద్దెనిమిది అంగుళాల గోడలో ఇటొక ఆరు, అటొక ఆరు పోతే మధ్య మిగిలేది ఆరంగుళాలు. ఇప్పుడు ఈ వైపు దంతెని ఒక కొన కిందికి వంచి ఊడబెరికితే, గోడలో ఉన్న కొన పైకి లేచి పై వరసల్ని ఎత్తేస్తుంది. పక్కింటి దంతెకి ఆసరా వదులవుతుంది. పక్కింటివారికి ఆరోజు ఏమీ కనపడదు. వారం తర్వాత సీలింగు, గోడ కలిసే చోట సన్నని నెర్ర వస్తుంది, వానాకాలానికి అది వేలు పట్టే బీట అవుతుంది. అప్పటికి పాతసామాను వాళ్లు వెళ్లిపోయి ఉంటారు, యజమాని "మీ ఇల్లు ముందే పాతది" అంటాడు.

దీనికి మందు కష్టమైనదేం కాదు. దంతెని గోడకి జానెడు ఇవతల రంపంతో కోయాలి. గోడలో మొదలు అలాగే ఉంచి, ఒక్కొక్కదాన్నీ తర్వాత మెల్లగా లాగి, ఆ గూడుని అదేరోజు ఇటుకతో బిగించి కట్టాలి. కోస్తే దంతె పొడవు తగ్గి రేటు పడిపోతుందని సామాను వాళ్లు ఒప్పుకోరు, అందుకే ఇది షరతుగా రావాలి. ఉమ్మడి గోడకి నాలుగడుగుల మేర బ్రేకరు, అంటే గోడ పగలగొట్టే మిషను, పెట్టకూడదు. అంతవరకు ఉలీ సుత్తితో విడగొట్టి ఖాళీ చేశాకే మిగతా భాగానికి మిషను రావాలి.

కూల్చే ముందే పక్కిళ్ల గోడల సర్వే జరగాలి. ఉన్న ప్రతి పగులునీ తేదీ కనపడేట్టు ఫొటో తీసి, పెద్దవాటి మీద చిన్న గాజుముక్కని రెండు కొసలా సిమెంటుతో అతకాలి. గోడ కదిలితే గాజు విరుగుతుంది, తగువు ఉండదు. ఆ ఫొటోల మీద ఇరుపక్షాల సంతకాలు తీసుకుని ఒక ప్రతి కార్పొరేషన్‌లో ఉంచాలి. నష్టానికి యజమాని ముందుగానే డిపాజిట్ కట్టాలి, పక్కిళ్ల నష్టం తేలాకే అది వాపసు.

కూల్చాక మిగిలిన ఉమ్మడి గోడ ఇంకో కష్టం. నిన్నటిదాకా రెండిళ్ల మధ్య వాన ఎరగకుండా ఉన్న గోడ ఇవాళ బయటిగోడ అయింది. మట్టి అడుసుతో కట్టి లోపల మాత్రమే సున్నం పూసిన గోడ అయితే ఒక్క వానకే కారిపోవడం మొదలవుతుంది. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2015 నవంబరు, 2021 నవంబరు ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. కాబట్టి కప్పు తీసిన వెంటనే గోడ తలమీద నీళ్లు జారేట్టు కట్టు వేసి, సిమెంటు ఒకటి, సున్నం ఒకటి, ఇసుక ఆరు పాళ్లలో పూత వెయ్యాలి. ఉట్టి సిమెంటు గట్టిగా పూస్తే మెత్తని పాత ఇటుక దాన్ని పట్టుకోలేదు, ఎండకి పెళ్లలుగా ఊడుతూ ఇటుక మొహాన్ని కూడా తీసుకుపోతుంది. ఎత్తైన గోడకి ఏటవాలు ఊతాలు కట్టి, కొత్త ఫ్రేము లేచేదాకా తియ్యకూడదు.

సెల్లారు తవ్వకం గురించి. పాత గోడల పునాది మూడు నాలుగడుగులే. సెల్లారుకి పదీ పన్నెండడుగులు తవ్వుతారు. పెన్న వైపు ఇసుక కలిసిన ఒండ్రులో మోటారు పెట్టి నీళ్లు తోడితే, నీళ్లతో పాటు పక్క పునాది కింది సన్న ఇసుక కూడా వచ్చేస్తుంది. పక్కగోడ పొడవుని నాలుగడుగుల ముక్కలుగా గుర్తుపెట్టి, ఒకటి వదిలి ఒకటి తవ్వి, కింద కాంక్రీటు పోసి గట్టిపడ్డాక వదిలినవి ముట్టుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పక్కింటిని ఆనుకుని సెల్లారు తవ్వకం ఆపెయ్యండి. పాత ఇంటి పెరట్లో బావి ఉంటుందని కూడా గుర్తుండాలి. బండ కప్పి, పైన గచ్చు చేసిన బావులు చాలా ఉన్నాయి. మిషను దాని మీదికి ఎక్కితే లోపలికి పోతుంది. శిథిలంతో పూడ్చేస్తే కొన్నేళ్లకి దాని మీద వేసిన ఫుటింగు, అంటే స్తంభం పునాది, కుంగుతుంది. ముందే వెతికి, శుభ్రమైన ఇసుక పొరలు పొరలుగా తడిపి కుదించి పూడ్చాలి, ప్లానులో దాని చోటు చూపించాలి.

శిథిలాల విషయంలో కొత్త ఆలోచన అక్కర్లేదు. రోజుకి 20 టన్నులు గానీ, ఒక పనిలో నెలకి 300 టన్నులు గానీ దాటితే రకాలుగా విడదీయాలని, ముందే ప్లాను ఇచ్చి స్థానిక సంస్థ ఆమోదం పొందాలని కేంద్రం 2016లోనే నిబంధన పెట్టింది. పై లెక్క ప్రకారం బజారులో ఓ మోస్తరు మిద్దె కూడా ఆ నిబంధనలోకి వచ్చేది. టిప్పర్లు ఎక్కడ దించుతాయో ముందే రాయించుకుంటే సర్వేపల్లి కాలువ గట్టు మీదికి, పెన్న ఒడ్డుకి పోవు. సున్నపు జల్లిని రోడ్ల కింద పూడికకి వాడుకోవచ్చు. పగలని పాత ఇటుకకి ఎప్పుడూ గిరాకీయే.

కూల్చివేతకి భారత ప్రమాణాల్లో ఐఎస్ 4130 అని ప్రత్యేక భద్రతా కోడ్ ఉంది, 1991లో సవరించారు. భవన నిర్మాణ కార్మికుల చట్టాన్ని 1996లో చేసినప్పుడే కూల్చివేతని కూడా దాని కిందికి తెచ్చారు. కానీ పాతసామాను బేరంలో వచ్చే కూలీల పేర్లు ఏ రిజిస్టరులోనూ ఉండవు. హెల్మెట్టు, బెల్టు సంగతి అటుంచి, ఎంతమంది పైకెక్కారో సాయంత్రం ఎంతమంది దిగారో రాసే పుస్తకమైనా లేదు. కరెంటు సర్వీసు కూడా ఫ్యూజు పీకి ఊరుకోకుండా, స్తంభం దగ్గరే వైరు తీయించి విద్యుత్ శాఖ నుంచి కాగితం తెచ్చాకే పని మొదలవ్వాలి.

మేం అడిగేది ఇది. కొత్త భవనం ప్లానుతో కలపకుండా కూల్చివేతకి విడి అనుమతి పెట్టండి. దానికి జతగా నాలుగు కాగితాలు చాలు: లైసెన్సున్న ఇంజనీరు సంతకంతో విప్పే వరస, పక్కగోడల సర్వే, శిథిలాల ప్లాను, పనివాళ్ల జాబితా. పిట్టగోడ దిగాక ఒకసారి, పైకప్పు దిగాక ఒకసారి వార్డు ప్లానింగ్ కార్యదర్శి వచ్చి చూసి సంతకం పెట్టేదాకా తర్వాతి దశ మొదలవ్వకూడదు. కప్పు దిగేవరకు ద్వారబంధాలు కదలకూడదని మొదటి షరతుగా రాయించండి. చిన్న మిద్దెల యజమానులకి ఇది భారం కాకుండా కార్పొరేషనే ఒక నమూనా వరస అచ్చువేసి ఇవ్వొచ్చు. దాన్ని తయారుచేసే పనికి మమ్మల్ని పిలిస్తే రూపాయి తీసుకోకుండా కూర్చుంటాం. ఈ ఉత్తర్వు అక్టోబరు వానలకి ముందే రావాలని కోరుతున్నాం.

ఇట్లు,
నెల్లూరు తాపీమేస్త్రీలు, సివిల్ ఇంజనీర్లు