రెండో సూది ఎప్పుడేస్తారు సార్?

గౌరవనీయులైన రాష్ట్ర పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

గుంటూరు జిల్లా గొర్రెల కాపరి నమస్కరించి రాసుకునే మనవి.

నా మందలో ఉన్నవి 62 గొర్రెలు. వాటికి గజ్జి పట్టిందని అర్జీ రాసుకుని మూడు సోమవారాలు గుంటూరు వచ్చి లైన్లో నిలబడ్డాను. మూడుసార్లూ ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. చదివి గొర్రెలకు వినిపించాను. అవి మాత్రం తుమ్మ మొద్దుకు ఒళ్లు రాసుకోవడం ఆపలేదు.

మందే ఇవ్వలేదని నేను అనడం లేదు. ఇచ్చారు, చిక్కంతా అక్కడే వచ్చింది. మొదట వచ్చినాయన బండి దిగకుండానే చూసి "అమ్మవారు పోసినట్టుంది" అన్నారు. అమ్మవారైతే జ్వరం కాస్తుంది, బొబ్బలు లేస్తాయి. ఇది జ్వరం లేకుండా మూతి దగ్గర, చెవుల అంచున మొదలైంది. బొచ్చు ఊడి, తోలు మందమై చెక్కు కట్టింది. రాత్రింబవళ్లు గోకుడే. చెక్కు అంచున గీకి సూక్ష్మదర్శిని కింద పెడితే పురుగు కనిపిస్తుందట. అంత పెద్ద కోరిక నేను కోరలేదు.

చివరికి గజ్జేనని ఒప్పుకుని ఐవర్‌మెక్టిన్ సూది వేశారు, పైకి కనిపించిన 20 గొర్రెలకే. ఆ పురుగు తోలులో దూరి గుడ్లు పెడుతుంది. మందుకు పురుగు చస్తుంది, గుడ్లు చావవు. అందుకని రెండు వారాలకు మళ్లీ వేయాలి, అదీ మందలో ప్రతి జీవానికీ ఒకే రోజు. ఇది మీ వాళ్లే శిబిరంలో మైకు పట్టుకుని చెప్పిన మాట. రెండు వారాలకు వెళితే స్టాకు లేదన్నారు. నెలకు వెళితే ఇండెంటు పెట్టాం, అంటే మందు పంపమని పైకి రాశామన్నారు. ఈలోపు తగ్గినవాటికీ తిరగబెట్టింది, మళ్లీ మొదటి సూది వేశారు. సంక్రాంతి నుంచి మూడు మొదటి సూదులు పడ్డాయి సార్. రెండోది ఒక్కటీ పడలేదు.

లెక్క నేనే చెబుతాను. 50 కిలోల బరువుకు 1 మిల్లీలీటరు. మా గొర్రె 25 కిలోలు తూగుతుంది, అంటే అర మిల్లీలీటరు. మొత్తం మందకు ఒక విడతకు 31 మిల్లీలీటర్లు. దగ్గు మందు సీసా కూడా నిండదు.

గజ్జి మంద అని రైతులు పొలంలో మంద కట్టనివ్వడం లేదు. పొలానికి పడే ఎరువుకు రాత్రికింత అని వచ్చే ఆ డబ్బులు పోయాయి. బేరగాడు తోలు చూసి సగం ధర అంటున్నాడు. గొర్రెల్ని పట్టుకుని పట్టుకుని మా ఆవిడ చేతులకు దద్దుర్లు లేచాయి. వేపనూనె, కానుగ నూనె పూశాం. కాలిన ఇంజిన్ ఆయిల్ పూయమని ఒకరన్నారు, మనసొప్పలేదు.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఒక మాట చెప్పాడు. అక్కడ వేటగాళ్లు కొట్టిన జింకకు బొచ్చు ఊడి చెక్కు కనిపిస్తే అధికారులకు కబురు చేస్తారట, వాళ్లు తోలు ముక్క పరీక్షకు తీసుకుంటారట. చచ్చిన అడవి జింకకు అంత మర్యాద. నా గొర్రెలు ఇంకా బతికే ఉన్నాయి సార్.

దయచేసి మంద మొత్తానికి ఒకేసారి మందు వేయించండి, రెండు వారాలకు మళ్లీ వేయించండి. దొడ్డిలో కొట్టడానికి కూడా మందు ఇప్పించండి. ఆ రెండో సూదికి సీసా పక్కన పెట్టాకే మొదటిది వేయమని చెప్పండి. మూడు అర్జీల జిరాక్సులు, మూడు మెసేజ్‌ల ప్రింట్లు దీనితో జతచేశాను.

ఇట్లు,
గుంటూరు జిల్లా గొర్రెల కాపరి