రసీదు లేని నిషేధం

సంపాదకులకు నమస్కారం.

కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో నాకో చిన్న జెరాక్స్ షాపు ఉంది. పేరుకు జెరాక్స్, అసలు పని పాస్‌పోర్టు ఫారాలు నింపడం. రాయచోటి, రాజంపేట, బద్వేలు వైపు నుంచి కువైట్ పోయేవాళ్లకు ఎప్పుడూ కొదవ లేదు కాబట్టి పద్దెనిమిదేళ్లుగా షాపు నడుస్తోంది. విదేశాల్లో హక్కుల కార్యకర్తలను దేశం దాటనివ్వడం లేదని మీ పత్రిక లోపలి పేజీలో వచ్చిన చిన్న వార్త చూసి ఇది రాస్తున్నాను. ట్రావెల్ బ్యాన్ అనే మాట వేరే జిల్లాల వాళ్లకు కొత్తేమో. మా దగ్గర అది ఇంటింటి మాట.

మా తమ్ముడు కువైట్‌లో డ్రైవరు. మూడేళ్లకు సెలవు దొరికితే దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, చాక్లెట్లు అట్టపెట్టెలో సర్ది, తాడు బిగించి, పెట్టె మీద ‘కడప’ అని పెద్ద అక్షరాలతో రాసుకుని ఎయిర్‌పోర్టుకు పోయాడు. మేము కారు మాట్లాడుకుని చెన్నైకి బయల్దేరాం. రేణిగుంట దాటకముందే ఫోన్: "అన్నా, నా మీద బ్యాన్ ఉందంట, కౌంటర్ కాడ నుంచి వెనక్కి పంపిచ్చినారు." ఎప్పుడో కంతుల మీద తీసుకున్న సెల్‌ఫోన్‌కు 180 దీనార్ల బాకీ. వాడు పెట్టె మోసుకుని రూముకు, మేము కారు తిప్పుకుని ఇంటికి. అప్పోసప్పో చేసి నాలుగో రోజు బాకీ కట్టాడు, వారంలోపల ఇంట్లో ఉన్నాడు.

ఆ బ్యాన్ మీద నాకు ఇప్పటికీ కోపమే. అయినా ఒకటి ఒప్పుకోవాలి, దానికి ఒక అంకె ఉంది. ఎవరికి బాకీ, ఎంత బాకీ, ఎక్కడ కట్టాలి అన్నీ చెప్పారు. మరి హక్కుల గురించి మాట్లాడిన మనిషి ఎన్ని దీనార్లు కడితే వదులుతారు?

సౌదీలో ఆడవాళ్లు కారు నడిపే హక్కు కోసం కొట్లాడిన లుజైన్ అల్ హథ్‌లూల్‌ను 2018లో పట్టుకుని 2021 ఫిబ్రవరిలో విడిచిపెట్టారు. విడిచింది జైలు నుంచే, దేశం దాటకూడదన్న ఆంక్ష అట్లాగే పెట్టారు. యూఏఈలో హక్కుల కార్యకర్త అహ్మద్ మన్సూర్‌కు 2015లో మార్టిన్ ఎన్నల్స్ అనే మానవ హక్కుల అవార్డు వస్తే, జెనీవాకు పోయి అందుకోవడానికి వదల్లేదు. రెండేళ్లకు అసలు జైల్లోనే పెట్టారు. గల్ఫ్ అంటే మనకు నెలనెలా డబ్బు వచ్చే చోటు కాబట్టి ఇవి మనకు పట్టవు. కానీ మన ఆడబిడ్డల పాస్‌పోర్టులు కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) బీరువాల్లో ఉన్నాయి. తప్పును తప్పు అనే మనిషి ఆ దేశాల్లో ఒక్కరు తగ్గినా నష్టం మనకు కూడా.

మన దగ్గర అట్లా జరగదు అనుకునేవాడిని. పాస్‌పోర్టు పని చేస్తాను కాబట్టి చట్టం కొంచెం చదువుకున్నా. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టు స్వాధీనం చేసుకుని ప్రభుత్వం కారణం చెప్పనంది. మనిషి స్వేచ్ఛను ఆపాలంటే పద్ధతి న్యాయంగా ఉండాలని 1978 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. పాస్‌పోర్టు చట్టం 10వ సెక్షన్ ప్రకారం, దేశ భద్రత లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప, పాస్‌పోర్టు లాక్కుంటే కారణం రాసిపెట్టాలి, అడిగితే కాపీ ఇవ్వాలి. బాగానే ఉంది. లాక్కోకుండానే ఆపేస్తే? దానికి లుకౌట్ సర్క్యులర్ ఉంది, అంటే ఫలానా మనిషిని దేశం దాటనివ్వొద్దని ఎయిర్‌పోర్టులకు పంపే ఆదేశం. అది మనిషి పేరు మీద ఉంటుంది, ఆ మనిషికి మాత్రం చెప్పరు.

2015 జనవరి 11న పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ కార్యకర్త ప్రియా పిళ్లైని ఢిల్లీ ఎయిర్‌పోర్టులో ఇట్లాగే విమానం ఎక్కనివ్వకుండా ఆపేశారు. మధ్యప్రదేశ్‌లోని మహాన్ బొగ్గు గని వల్ల అడవి బిడ్డలకు జరిగే నష్టం గురించి బ్రిటన్ ఎంపీలకు చెప్పడానికి పోతోంది ఆమె. పాస్‌పోర్టు మీద ‘ఆఫ్‌లోడ్’ అని ముద్ర కూడా వేశారు. ఢిల్లీ హైకోర్టు మార్చిలో ఆ సర్క్యులర్ కొట్టేసి, ముద్ర తీసేయమంది. పేజీ మూల కొంచెం తడిసినా నా కస్టమర్లు వీసా రాదేమోనని వణికిపోతారు. ఆ ముద్ర విలువ నాకు బాగా తెలుసు.

ముందే చెబితే దొంగలు పారిపోరా అని అడుగుతారు. కోర్టు పిలిస్తే వచ్చే మనిషి, సొంత పేరుతో టికెట్ కొని లైన్లో నిలబడ్డ మనిషి దొంగ ఎట్లా అవుతాడు? పోనీ ముందు చెప్పకండి. ఆపిన చోటనైనా, ఎవరు ఆపమన్నారు, ఏ తేదీన, ఎక్కడ అప్పీలు చేసుకోవాలి అని రాసి ఒక కాగితం చేతిలో పెట్టండి. కరెంటు బిల్లు కడితే కూడా రసీదు ఇస్తారు కదా.

పాస్‌పోర్టే లేనివాళ్లకు ఇంటి గడప దగ్గరే బ్యాన్. మా షాపు ముందు బంకులో టీ తాగే ఒక రిటైర్డ్ మాస్టారు ఏదో ‘చలో’ కార్యక్రమానికి పోదామనుకున్న రోజు తెల్లారేసరికి ఇద్దరు కానిస్టేబుళ్లు వసారాలో కూర్చున్నారట. నోటీసు ఏదని అడిగితే "పైనుంచి చెప్పినారు సార్" అన్నారట. మాస్టారి భార్య మధ్యాహ్నం వాళ్లకు కూడా అన్నం పెట్టింది.

పోయిన నెల ఒక అమ్మాయి షాపుకు వచ్చింది. గల్ఫ్ ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్ల కోసం తిరుగుతుంటుంది. బయటి దేశంలో మీటింగుకు పిలుపొచ్చిందట. టికెట్ కొంటే డబ్బు వెనక్కి రాదని, "అన్నా, నా పేరు మీద ఏమన్నా ఉందేమో చూస్తావా?" అని అడిగింది. కువైట్‌లో ఉన్నవాళ్లు అక్కడి ప్రభుత్వ సహెల్ యాప్‌లో తమ మీద బ్యాన్ ఉందో లేదో చూసుకుంటారు. మన దగ్గర నాకు తెలిసిన సైట్లన్నీ తెరిచాను, ఎక్కడా అట్లాంటిది లేదు. "అంటే ఎయిర్‌పోర్టుకు పోయి చూసుకోవాల్సిందేనా?" అంది. అరగంట కూర్చోబెట్టినందుకు యాభై రూపాయలు ఇవ్వబోతే నేను తీసుకోలేదు.

ఇట్లు,
ఒక జెరాక్స్ షాపు యజమాని,
కడప