ఆ దుప్పిని అడవికే వదిలేయండి

తిరుపతి అటవీ అధికారి గారికి నమస్కారం.

మొన్న మామండూరు దగ్గర అడవి లోపల చచ్చిన దుప్పి కనిపించింది. వెంట ఉన్నవాళ్లు ముక్కు మూసుకుని, "తీయించి కాల్చేయాలి" అన్నారు. నాకూ కడుపులో తిప్పింది. అయినా నిలబడి చూశాను. లోపలి బ్యాక్టీరియా వదిలిన గ్యాస్‌తో పొట్ట ఉబ్బింది. ఈగలు గుడ్లు పెట్టేశాయి, ఒకట్రెండు రోజుల్లో పురుగులవుతాయి. ఆ కంపే నక్కలకు కబురు. చివరికి ఎముకలు మిగిలి, అక్కడి మట్టికి బలమొస్తుంది.

ఒకప్పుడు ఈ పని రాబందులది. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, ఆ కళేబరాలు తిన్న రాబందులను దాదాపు తుడిచిపెట్టింది. పశువులకు ఆ మందును 2006లో నిషేధించినా అవి ఇంకా పూర్తిగా కోలుకోలేదు.

ఊరి పక్కన, నీటి గుంటల్లో, రోగంతో చచ్చినవాటిని తీయాల్సిందే. లోపలి అడవిలో మాత్రం వదిలేయించండి సార్. దారి మొదట్లో ఒక బోర్డు పెట్టిస్తే జనానికీ అర్థమవుతుంది.

ఇట్లు,
తిరుపతి వాసి