కుండల పని సంఘం వార్షిక నివేదిక: అతిథి కళాకారుల రెండు రోజుల శిబిరం

సభ్యులకు నమస్కారం. వారపు తరగతులు, నెలవారీ కాల్పులు, బట్టీ మరమ్మతులు ఈ ఏడాదీ ఎప్పటిలాగే సాగాయి. వాటి వివరాలు రిజిస్టర్‌లో ఉన్నాయి, ఎవరైనా తిరగేయవచ్చు. ఈ నివేదికలో సింహభాగం వారాంతంలో జరిగిన ప్రదర్శన శిబిరానికే ఇస్తున్నాం. వచ్చిన ఇద్దరు సిరామిక్ కళాకారులు సారె మీద కూర్చున్న సమయం కంటే మన్ను సిద్ధం చేయడానికీ, ఆరబెట్టడం గురించి చెప్పడానికీ ఎక్కువ సమయం తీసుకున్నారు. మన దగ్గర పగిలే పాత్రల్లో చాలావాటికి తప్పు సారె మీద జరగడం లేదు. అంతకు ముందో, ఆ తర్వాతో జరుగుతోంది.

మొదటి రోజు ఉదయమంతా మన్ను పిసకడమే. పిసికిన ముద్దను తీగతో అడ్డంగా కోసి రెండు ముఖాలూ చూపించారు. సరిగ్గా కలవని ముద్దలో గట్టి మన్ను, మెత్తటి మన్ను వేర్వేరు చారలుగా కనిపించాయి, మధ్యలో గుండుసూది తలంత గాలి గుంటలు. పొట్టేలు తల ఆకారం వచ్చేలా ముందుకు తోసి, వెనక్కి లాగి 50 సార్లకు పైగా తిప్పాక అదే ముద్దను మళ్లీ కోస్తే చారలు మాయమయ్యాయి. చేతులతో నొక్కితే భుజాలు పట్టేస్తాయి, ఒంటి బరువు వాడాలి. అందుకే పిసికే బల్ల నడుము కంటే కాస్త కిందికి ఉండాలి. మన బల్ల ఎత్తు ఎక్కువ.

గాలి బుడగ ఉంటే బట్టీలో కుండ పేలుతుందనే మాట మన తరగతుల్లో చాలాకాలంగా తిరుగుతోంది. పేల్చేది గాలి కాదు, తడి. ఆరినట్టు కనిపించే మందపాటి అడుగులో మిగిలిన నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆవిరై, బయటపడే దారి చాలక మన్నును చీలుస్తుంది. గాలి బుడగ చేసే చెరుపు వేరు: గోడ లేపుతుంటే వేలికి తగిలి అంచు ఎగుడుదిగుడవుతుంది.

పాత మన్నును తిరిగి వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. తడి మన్నును ప్లాస్టర్ పలక మీద పరిచి నీరు పీల్పించడం మంచి పద్ధతే గానీ, ఇనుప గరిటెతో గీకితే ప్లాస్టర్ పెళ్లలు మన్నులో కలుస్తాయి. కాల్చాక ఆ ముక్క గాలిలోని తేమ పీల్చి ఉబ్బి, పైనున్న మన్నును పెచ్చులా లేపేస్తుంది. ఆ గుంట అడుగున తెల్ల చుక్క కనిపిస్తే కారణం ఇదే. ఇకపై పలక మీద చెక్క లేదా రబ్బరు గరిటె మాత్రమే వాడాలి.

సారె మీద 400 గ్రాముల ముద్దతో కప్పు చేశారు. ముద్దను నడిమికి తెచ్చి, లోతు తీసి, అడుగు మందం సూదితో కొలిచారు: 6 నుంచి 8 మిల్లీమీటర్లు. తర్వాత మనం తరచూ వదిలేసే పని: అడుగును అంచు నుంచి మధ్యకు, మధ్య నుంచి అంచుకు వేళ్లతో రెండు మూడుసార్లు గట్టిగా అదమడం. అలా అదమకపోయినా, లోపల నీరు నిలిచిపోయినా, ఆరేటప్పుడు అడుగున పాములా వంకర తిరిగిన పగులు వస్తుంది. గోడ లేపిన ప్రతిసారీ స్పాంజితో లోపలి నీరు తీసేయాలి. చివర్లో, బాగా వచ్చిన కప్పును తీగతో నిలువునా రెండుగా కోసేశారు. చూస్తున్నవాళ్లు ఉసూరుమన్నారు గానీ, రెండు రోజుల్లో అన్నిటికంటే పనికొచ్చింది ఆ కోత. గోడ పైన 4 మిల్లీమీటర్లు, కింద అడుగు కలిసే మూలలో దానికి రెట్టింపు. బరువంతా అక్కడే దాక్కుంటుంది. నేర్చుకునేవాళ్లు మొదటి పది కప్పులనూ కోసి చూసుకోవడం మేలని మా అభిప్రాయం.

పిడి అతికించడానికి కప్పూ, పిడీ రెండూ ఒకే తడిలో ఉండాలి. గోటితో గీస్తే గీత పడాలి, బొటనవేలితో నొక్కితే సొట్ట పడకూడదు. రెండు వైపులా గీతలు గీసి, అదే మన్నుతో చేసిన చిక్కటి స్లిప్ (నీళ్లతో కలిపిన మన్ను జావ) రాసి, కాస్త అటూ ఇటూ కదుపుతూ అదమాలి. తర్వాత కప్పును రాత్రంతా ప్లాస్టిక్ కింద ఉంచాలి. పిడి సన్నగా ఉంటుంది కాబట్టి ముందే ఆరి కుంచించుకుంటుంది, తడిగా ఉన్న కప్పు ఇంకా కుంచించుకోదు, అతుకు దగ్గర చీలిక వస్తుంది. పళ్లేల సంగతీ ఇంతే: అంచు ముందు ఆరి, అడుగు వెనకబడుతుంది. అంచు చుట్టూ ప్లాస్టిక్ పట్టీ కప్పి, అడుగు గట్టిపడగానే బోర్లించాలి. పూర్తిగా ఆరిందో లేదో తెలియాలంటే చెంపకు ఆనించాలి. చల్లగా తగిలితే లోపల ఇంకా నీరుంది.

రెండో రోజు పూత, రాకు కాల్పు (ఎర్రగా కాగిన పాత్రను బట్టీలోంచి నేరుగా బయటికి తీసే పద్ధతి). సుమారు 1000 డిగ్రీల తొలి కాల్పు అయిన పాత్రను తడి స్పాంజితో తుడవకుండా గ్లేజ్‌లో (కాలిస్తే గాజులా కరిగే పూత) ముంచితే, దుమ్ము, చేతి జిడ్డు ఉన్నచోట కరిగిన పూత పక్కకు ముడుచుకుని మన్ను బయటపడుతుంది. గ్లేజ్ చిక్కదనం తెలియడానికి బకెట్‌ను అడుగంటా కలిపి, 100 మిల్లీలీటర్లు తూచి చూడాలి. వాళ్ల గ్లేజ్ 145 గ్రాములు తూగింది, పాత్రను ముంచింది 3 సెకన్లు. ఒక్కో గ్లేజ్‌కు ఈ అంకె వేరుగా ఉంటుంది. బాగా వచ్చిన రోజున తూచి, అదే అంకెను బకెట్ మీద రాసుకోవాలి.

రాకు పుట్టింది 16వ శతాబ్దంలో జపాన్‌లోని క్యోటోలో, చోజిరో అనే కుమ్మరి చేతుల్లో. ఎర్రగా కాగిన పాత్రను రంపపు పొట్టులో పెట్టి పొగ పట్టించే పద్ధతి మాత్రం 1960లో అమెరికాలో సిరామిక్ కళాకారుడు పాల్ సోల్డ్‌నర్ ప్రయోగాలతో వచ్చింది. శిబిరంలో చూపించింది ఈ రెండోదే. గ్లేజ్ మొదట బుడగలుగా పొంగి, తర్వాత అణగి, తడి అద్దంలా మెరిసినప్పుడు, సుమారు 1000 డిగ్రీల దగ్గర పటకారుతో బయటికి తీశారు. రాగి గ్లేజ్ అయితే పొట్టు డబ్బాలో పెట్టి క్షణాల్లో మూత బిగించాలి. ఆలస్యమైనా, ముందే మూత తీసినా గాలి తగిలి రాగి మెరుపు పోయి పచ్చదనం వస్తుంది. తెల్ల గ్లేజ్‌కు పని తిరగబడుతుంది: 10, 15 సెకన్లు గాలిలో ఉంచితే టిక్కు టిక్కుమంటూ సన్నటి పగుళ్లు పడతాయి, ఆపైన పొగ వాటిలోకి దూరి నల్ల గీతలవుతుంది.

ప్రదర్శనలో ఒక గిన్నె పటకారు మీదే రెండు ముక్కలైంది. అది మన మామూలు స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో గట్టిగా కాలే) మన్ను. అంత హఠాత్తుగా వేడి మారితే తట్టుకోవడానికి మన్నులో గ్రాగ్ (కాల్చి దంచిన మన్ను రవ్వ) దండిగా ఉండాలి. రాకు పాత్రలు నీరు పీలుస్తాయి, పూతలో పగుళ్లుంటాయి. అలంకరణకే తప్ప తిండికి, తాగడానికి వాడొద్దు. నూలు బట్టలు, తోలు చేతి తొడుగులు, మూసిన బూట్లు లేనివాళ్లను బట్టీ దగ్గరికి రానివ్వలేదు. అది సరైన పనే.

ఏర్పాట్లలో లోపమూ చెప్పుకోవాలి. వెనక వరుసవాళ్లకు కళాకారుల వీపులే కనిపించాయి. వచ్చేసారి సారె పైన ఏటవాలుగా అద్దం కట్టాలి.

కార్యవర్గం నిర్ణయాలు ఇవి. పనిగది నేలను పొడిగా ఊడ్వడం నేటితో బంద్, తడిగుడ్డతోనే తుడవాలి. మన్ను ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. 573 డిగ్రీల దగ్గర మన్నులోని క్వార్ట్జ్ (సిలికా ఖనిజం) ఒక్కసారిగా పరిమాణం మారుతుంది కాబట్టి వేడి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అక్కడ బట్టీని నెమ్మదిగా నడపాలి. 100 డిగ్రీల లోపుకు దిగేదాకా బట్టీ మూత ఎవరూ ఎత్తరాదు. కొత్త మన్ను బస్తా విప్పిన ప్రతిసారీ, సగటు తడిలో ఒక పట్టీ చేసి దానిపై సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీసి కాల్చాలి. గీత 8.8 సెంటీమీటర్లకు వస్తే ఆ మన్ను 12 శాతం కుంచించుకున్నట్టు, మూతల కొలతలు దాన్నిబట్టి వేసుకోవాలి. పట్టీలను బట్టీ పక్క గోడకు మేకుకు తగిలిస్తున్నాం. వెనక బస్తా పేరు, కాల్చిన కోన్ సంఖ్య (కాల్పు వేడి స్థాయిని తెలిపే అంకె) పెన్సిలుతో కాకుండా ఆక్సైడ్‌తో రాయండి, పెన్సిలు గీత బట్టీలో కాలిపోతుంది.